వీడియో ఫ్లోరోస్కోపీ మింగుడు పరీక్షపై తీర్మానం

స్పీచ్ పాథాలజిస్టులు, రేడియాలజిస్టులు, న్యూరాలజీ, క్యాన్సర్ విభాగాల వైద్యులు, డైటీషియన్లు, నర్సుల ఉమ్మడి సమావేశం ఆమోదించినది.

ఈ సమావేశం గుర్తిస్తున్నదేమనగా: పక్షవాతం, పార్కిన్సన్స్ వ్యాధి, నోటి, గొంతు క్యాన్సర్ల తర్వాత మింగడం కష్టమైనవారిలో అన్నం, నీరు శ్వాసనాళంలోకి జారే (ఆస్పిరేషన్) ప్రమాదం ఉంది. చాలామందికి పొలమారి దగ్గు వస్తుంది, కొందరికి రాదు. చప్పుడు లేకుండా ఊపిరితిత్తులకు చేరి న్యుమోనియా తెచ్చే ఈ స్థితి, మంచం పక్కన నీళ్లు తాగించి చూసే పరీక్షకు నమ్మకంగా చిక్కదు. ‘పొలమారడం లేదు, బాగానే తింటున్నారు’ అనే వాక్యం కేస్ షీటులో నిర్ధారణగా చెల్లదు.

గుర్తిస్తున్నదేమనగా: మింగుడును ఎక్స్-రే వీడియోలో చూసే వీడియో ఫ్లోరోస్కోపీ పరీక్షకు నేటి రూపం ఇచ్చినవారిలో ముఖ్యులు అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ స్పీచ్ పాథాలజిస్టు జెరి లోగెమన్. ఇది ఇద్దరు కలిసి చేసే పని. యంత్రం, కిరణాల మోతాదు, శరీర నిర్మాణంలోని లోపాలు రేడియాలజిస్టు బాధ్యత. ఏ ఆహారం, ఎంత, ఏ వరుసలో ఇవ్వాలన్నది, మింగుడు ఏ దశలో తప్పుతున్నదన్నది స్పీచ్ పాథాలజిస్టు బాధ్యత.

విచారిస్తున్నదేమనగా: మామూలు బేరియం స్వాలోకూ దీనికీ తేడా చూపకుండా చీటీలు రాస్తున్నారు. మొదటిది ప్రధానంగా ఆహారనాళం కోసం. వీడియో ఫ్లోరోస్కోపీలో రోగి కూర్చుని కొద్దికొద్దిగా మింగుతుండగా, పెదవుల నుంచి ఆహారనాళపు పైద్వారం దాకా పక్కనుంచి చూస్తారు. మింగలేనివారి చేత గ్లాసెడు బేరియం గటగటా తాగించడం పరీక్ష కాదు, ప్రమాదం.

మరింతగా విచారిస్తున్నదేమనగా: ‘ఆస్పిరేషన్ ఉంది, నోటితో ఏమీ ఇవ్వరాదు’ అని రెండు ముక్కల్లో నివేదికలు ముగుస్తున్నాయి. రోగికి మిగులుతున్నది ముక్కు గుండా వేసే రైల్స్ ట్యూబు మాత్రమే.

కావున తీర్మానిస్తున్నదేమనగా: తెర మీద తప్పు కనబడగానే పరీక్ష ముగించరాదు. రోగి స్థితి అనుమతించినంత వరకు గడ్డం కిందికి దించి, తల బలహీనమైన వైపుకు తిప్పి, గుటక తగ్గించి, చిక్కదనం మార్చి అక్కడే చూడాలి. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో రాయాలి. ద్రవాన్ని చిక్కబరిస్తే గొంతులో మిగులు పెరగవచ్చు; అదీ రాయాలి.

తీర్మానిస్తున్నదేమనగా: రోగి ఇంట్లో తినేవే పరీక్షలోనూ ఉండాలి. నీరు, మజ్జిగ, రాగి జావ, పెరుగన్నం, ఇడ్లీ బేరియం కలిపి ఇవ్వవచ్చు. బిస్కెట్టు ముక్కతో సరిపెట్టి అన్నం గురించి సలహా ఇవ్వరాదు. ఆహారపు చిక్కదనాన్ని ఐ.డి.డి.ఎస్.ఐ. వర్గీకరణలోని 0 నుంచి 7 స్థాయిలలోనూ, శ్వాసనాళ ప్రవేశాన్ని రోసెన్‌బెక్ బృందం 1996లో ప్రచురించిన 8 అంకెల కొలతలోనూ నమోదు చేయాలి.

తీర్మానిస్తున్నదేమనగా: గుటక గొంతు దాటేది సుమారు ఒక సెకనులో. కనుక సెకనుకు 30 చిత్రాల వేగాన్ని తగ్గించి కిరణాలు ఆదా చేయరాదు. ఆదా ముందస్తు ప్రణాళికతో, పరీక్ష సమయం తగ్గించి చేయాలి. సిబ్బంది ఎవరూ లెడ్ ఆప్రాన్, థైరాయిడ్ కాలర్, కిరణాల మోతాదు కొలిచే టి.ఎల్.డి. బ్యాడ్జి లేకుండా గదిలో ఉండరాదు. తినిపించడానికి వచ్చే బంధువుకూ ఆప్రాన్ ఇవ్వాలి; గర్భిణి అయితే ఆమె స్థానంలో మరొకరు రావాలి.

తీర్మానిస్తున్నదేమనగా: 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద నమోదైన స్పీచ్ పాథాలజిస్టు గదిలో లేనిదే ఈ పరీక్ష జరపరాదు.

స్పష్టం చేస్తున్నదేమనగా: ఫ్లోరోస్కోపీ లేనిచోట ముక్కు గుండా చేసే ఎండోస్కోపీ మింగుడు పరీక్షను చిన్నచూపు చూడనక్కరలేదు. మింగే క్షణంలో కెమెరాకు ఏమీ కనబడకపోవడం దాని పరిమితి. కిరణాలు లేకపోవడం, మంచం దగ్గరే చేయగలగడం దాని బలం.

తీర్మానిస్తున్నదేమనగా: ఏది తినవచ్చు, ఎలా కూర్చోవాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి అన్న ఒక పేజీ సూచన తెలుగులో కుటుంబానికి ఇవ్వాలి. ఇచ్చేముందు వారికి వీడియో చూపాలి.

స్పీచ్ పాథాలజిస్టు హాజరు తప్పనిసరి అన్న అంశంపై, నియామకాలు లేని ఆసుపత్రులకు గడువు ఇవ్వాలన్న ఒక సభ్యుని భిన్నాభిప్రాయం నమోదైనది. మిగిలిన అంశాలు ఏకగ్రీవం.