క్లోరిన్ కలిపామంటే సరిపోదు

కుళాయి నీరు మసకగా వస్తున్నదని అడిగిన ప్రతిసారీ మన బస్తీలకు దొరికే సమాధానం ఒక్కటే: "క్లోరిన్ కలుపుతున్నాం, కాచి తాగండి." ఈ సమాధానాన్ని మేము అంగీకరించము.

1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో సుమారు 4 లక్షల మంది విరేచనాలతో మంచం పట్టారు. కారణం క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి. గట్టి పెంకులో దాగి ఉండే ఈ సూక్ష్మజీవి తాగునీటిలో కలిపే మోతాదు క్లోరిన్‌కు చావదు, వడపోతలోనే దానిని ఆపాలి. అక్కడ క్లోరిన్ కలిపారు, కాగితాలపై నీరు ప్రమాణాలకు లోబడే ఉంది. వడపోతే విఫలమైంది. మరణించినవారిలో అత్యధికులు ఎయిడ్స్ రోగులు. అందరూ తాగింది ఒకే నీరు, ప్రాణాలు పోయింది మాత్రం బలహీనులవి.

2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో పదిమందికి పైగా పొట్టన పెట్టుకున్నది పరాన్నజీవి కాదు, కలరా. అది క్లోరిన్‌కు చచ్చే క్రిమి! తాగునీటిలో మురుగు కలవడంతో దానినీ ఆపలేకపోయారు. ఇక క్లోరిన్‌కు లొంగని జీవి వస్తే ఆపేదెవరు? రోజు విడిచి రోజు నీళ్లు వదిలేచోట, సరఫరా ఆగగానే ఖాళీ గొట్టం పగుళ్ల గుండా పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. ఇది ఇంజనీర్లకు తెలియని రహస్యమేమీ కాదు. అయినా ఉపన్యాసాలు మాత్రం మన శుభ్రత మీదే!

కాచి తాగడం ఆపదలో సరైన జాగ్రత్తే. ఏడాది పొడవునా అదే చెబితే, నీటిని శుద్ధి చేసే బాధ్యతను ప్రభుత్వం మన గ్యాస్ పొయ్యికి అప్పగించినట్లే, ఖర్చుతో సహా. బస్తీ చివరి కుళాయి దగ్గర నీటి మసకను కొలిచి, ఆ అంకెలను వారంవారం అక్కడే అంటించాలి. మురుగుకాల్వల్లోంచి పోతున్న గొట్టాలను ఏ తేదీలోగా మారుస్తారో రాతపూర్వకంగా చెప్పాలి.