విల్మ్‌కోట్ రైతు వ్రాయించిన వీలునామా

"ఇంగ్లండులో ఆస్తి అంతయు పెద్దకొడుకునకే చెందును, తక్కిన బిడ్డలకు ఏమియు ఉండదు." ఈ వాక్యమును నేను విద్యార్థిగ నున్నప్పుడు వింటిని, అధ్యాపకుడనైన పిదప చాల ఏండ్లు నేనును చెప్పితిని. కేతన విజ్ఞానేశ్వరీయము పాఠములో దాయవిభాగము ప్రసక్తి వచ్చినప్పుడు, పోలికకు ఇంగ్లండును తెచ్చి ఈ ఒక్క మాటతో ముగించుట నాకు అలవాటు. ఒకనాడు వెనుక బల్లమీది విద్యార్థిని లేచి, "మరి తక్కినవాళ్లు ఏమి తిని బ్రతికినారండీ?" అని అడిగినది. తరగతి నవ్వినది. నేను మాత్రము నవ్వలేకపోతిని. నావద్ద జవాబు లేదు. నాటినుండి చదివినదానిని బట్టి చూడగా, ఆ వాక్యము ప్రభువుల యిండ్లకు చాలవరకు సరిపోవునే గాని, నాగలి పట్టిన యిండ్లకు సగమైనను సరిపోదని నాకు తోచినది. పాఠశాలలలో చరిత్ర చెప్పు మిత్రులు నావలె పొరబడకుందురు గాక అని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

16, 17 శతాబ్దుల సంగతి ఇది. వీలునామా లేక మరణించినవాని సొంత భూమి, దేశములోని సామాన్య న్యాయము ప్రకారము, పెద్దకొడుకునకే పోయెడిది. అంతవరకు నిజమే. కాని కెంట్ మండలములో కొడుకులందరు భూమిని సమముగ పంచుకొనుట ఆచారము. మరికొన్ని చోట్ల కడగొట్టువానికే భూమి. పైగా ఎందరో రైతులు దున్నినది సొంత భూమి కాదు. భూస్వామి కచేరీ చిట్టాలో ఎక్కిన పేరే వారికి హక్కు. ఆ చిట్టా నకలే దస్తావేజు. దీనికి కాపీహోల్డు అని పేరు. ఒకరి పేరు పోయి మరొకరి పేరు ఎక్కవలెనన్న రుసుము చెల్లింపవలెను. పెక్కుచోట్ల చనిపోయిన రైతు కొట్టములోని మేలైన పశువును భూస్వామి తోలుకొనిపోవుటయు కలదు. ఇక సొంత భూమిని వీలునామాద్వారా ఇష్టులకు ఇచ్చుటకు 1540 నాటి చట్టము చాలవరకు వీలు కల్పించినది. వీలునామా లేనివాని చరాస్తి విషయమున 1670 చట్టము భార్యకు మూడవవంతు ఇచ్చి, మిగిలినదానిని ఆడ మగ భేదము లేక బిడ్డలకు పంచినది. న్యాయము ఇన్ని తీరులుగ ఉండగా, తండ్రి మనసు ఏమన్నదో వీలునామాలలోనే చూడవలెను.

ఒక్క వీలునామాను చూతము. వార్విక్ మండలములో స్ట్రాట్‌ఫర్డ్ పట్టణమునకు దాపున విల్మ్‌కోట్ అను పల్లె కలదు. అందు రాబర్ట్ ఆర్డెన్ అను రైతు 1556 నవంబరులో వీలునామా వ్రాయించి, కొలది దినములకే కన్నుమూసెను. ఆయనకు ఎనమండుగురు కుమార్తెలు, కొడుకులు లేరు. మొదటి భార్య పోయిన తరువాత ఆగ్నెస్ అను వితంతువును పెండ్లాడెను. కొడుకులు లేని యింట, వీలునామాయు లేకున్నచో, కుమార్తెలందరు భూమికి సమభాగినులు. అట్లు కలిసి వారసత్వము పొందిన ఆడబిడ్డలకే ఇంగ్లీషు న్యాయశాస్త్రములో ముఖ్యముగ కోపార్సెనర్లు అని పేరు. ఆ మాటనే తరువాత మన న్యాయస్థానములు హిందూ సమష్టి కుటుంబములోని మగవారికి తగిలించినవి! అక్కడ ఆడపిల్లలను చెప్పిన మాట ఇక్కడ ఆడపిల్లలను వెలుపల నిలిపినది. ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టము, దేశమంతట 2005 చట్టము వచ్చిన పిదపగాని వారు లోపలికి రాలేదు. మాటల పుట్టుపూర్వోత్తరములు చెప్పుకొని బ్రతుకువాడను గనుక ఇది చెప్పక ఉండలేకపోతిని. మరల విల్మ్‌కోట్‌కు పోవుదము.

ఆర్డెన్ మరణశయ్యవరకు ఆగినవాడు కాడు. 1550లోనే స్నిటర్‌ఫీల్డ్‌లోని భూమిని, తనకును భార్యకును తరువాత, ఆరుగురు కుమార్తెలకు చెందునట్లు వ్రాసియుంచెను. ఆ ఆరుగురిలో కడసారపు బిడ్డ మేరీ లేదు. 1556 వీలునామాలో ఆమెకు ఆస్బీస్ అను భూమిని, దానిపై నిలిచియున్న పైరుతో సహా ఇచ్చెను. సొత్తు పంచకమునుపే ఆమెకు 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు ముట్టవలెననెను. కడగొట్టు కూతురిమీద గారాబమని కొందరందురు. మునుపటి పత్రములో పేరు లేని బిడ్డకు లోటు తీర్చుటయని నేననుకొందును. భార్యకును అంతే సొమ్ము వ్రాసెను. కాని ఒక షరతు పెట్టెను. కాపీహోల్డు భూమిలో సగమును ఆలిస్ అను కుమార్తె నెమ్మదిగ అనుభవించుటకు ఆమె అడ్డుపడరాదు. పడినచో సొమ్ములో సగమే దక్కును. సవతితల్లికిని బిడ్డకును నడుమ రేపు ఏమి జరుగునో ఆ తండ్రికి ముందే తెలిసినట్లున్నది. వీలునామాను అమలుపరచు భారమును ఆలిస్, మేరీలమీదనే పెట్టెను. మేరీకి అప్పటికింకను పెండ్లి కాలేదు.

పిదప ఆనాటి ఆచారము ప్రకారము పొరుగువారు వచ్చి సొత్తు జాబితా వ్రాసిరి. ఎడ్లు, ఆవులు, గుఱ్ఱములు, గొఱ్ఱెలు, పందులు, కోళ్లు, తేనెటీగలు, గోడలకు వ్రేలాడదీసిన బొమ్మల గుడ్డలు. ఇవియన్నియు పంపకములోనివే.

కొడుకులున్న యింట కథ వేరు. భూమి తునుకలైనచో ఎవ్వరికిని చాలదు. ఒక్కనికే ఇచ్చినచో తక్కినవారు అన్యాయమైపోదురు. అందుచేత చాలమంది తండ్రులు పొలమును ఒకనికి వ్రాసి, తమ్ములకును చెల్లెండ్రకును ఇంత సొమ్ము ఇన్నేండ్లలో చెల్లింపుమని అతని మెడకే కట్టిరి. తల్లికి ఇంటిలో ఒక గది, మంచము, తిండిగింజలు, వంటచెరకు వ్రాయుటయు కలదు. మన మనోవర్తి వంటిదే. ఏమీ ఎరికసన్ 1993లో ప్రకటించిన గ్రంథములో, సామాన్యుల యిండ్లలో కూతుళ్లకు భూమి తక్కువైనను, సొమ్ముగను సామానుగను ముట్టినదాని విలువ కొడుకుల వాటాకు చాలవరకు సరితూగుచుండెనని చూపినది. కేంబ్రిడ్జ్ మండలపు పల్లెలను పరిశీలించిన మార్గరెట్ స్పఫర్డ్ 1974 గ్రంథములో రెండవ పార్శ్వము కనబడును: చిన్న కమతము పొందిన కొడుకు, పంటలు చెడిన యేట, ఈ బాకీలక్రింద నలిగిపోయెను. భూమి చేయిజారి పెద్ద రైతుల పాలాయెను. చిన్న రైతును పెరికివేసినది ధనికుల దురాశయే అని వ్రాయుట సులభము. తండ్రి బిడ్డలందరిని ప్రేమించుటయు అందుకు కొంత కారణమైనదని నేనందును. అది వ్రాయుటకు మనసొప్పదు గాని, నిజము.

ఆంగ్లేయ రైతు తన భూమిని తన ఒక్కనిదిగనే భావించెననియు, కొడుకులకుకూడ దానిపై పుట్టుక హక్కు లేదనియు ఏలన్ మాక్ఫర్లేన్ 1978లో వాదించెను. చట్టము మాట అట్లే కావచ్చును. కాని బిడ్డలకు వేర్వేరుగ లెక్క వేసి, భార్యకు షరతు పెట్టి, పైరును సైతము మరువక వ్రాయించిన ఆర్డెన్‌ను చూచినచో, అతడు తన్ను ఒంటరి యజమానిగ ఎంచుకొనెనని నేను నమ్మజాలను.

మేరీ ఆ తరువాత కొలది కాలమునకే, స్నిటర్‌ఫీల్డ్‌లో తన తండ్రి భూమిని కౌలుకు చేసిన రైతు కొడుకును పెండ్లాడినది. అతడు జాన్ షేక్స్పియర్. అప్పులపాలై 1578లో ఆస్బీస్‌ను 40 పౌండ్లకు, మేరీ అక్క జోన్ భర్తయగు ఎడ్మండ్ లాంబర్ట్‌కు తాకట్టు పెట్టెను. గడువునాటికి సొమ్ము తెచ్చితిమి, పాతబాకీలు కూడ తీర్చుమని పుచ్చుకొనలేదు అని వీరు; ఆ మాట అబద్ధమని ఎడ్మండ్ కొడుకు. 1597లో కూడ వ్యాజ్యము నడచుచునే ఉన్నది. భూమి తిరిగి రాలేదు. తండ్రి చెల్లెలికిచ్చినది అక్క యింట చేరినది.

మేరీ కొడుకు విలియం 1616లో తన వీలునామా వ్రాయించెను. భూములు, ఇండ్లు పెద్దకుమార్తె సూసన్నాకు, ఆమె అనంతరము ఆమె కొడుకులకు. చిన్నకుమార్తె జూడిత్‌కు సొమ్ము. తాత కడపటి కూతురికి భూమినిచ్చెను, మనుమడు పెద్దకూతురికి. సూసన్నాకు కొడుకులు పుట్టలేదు. ఆమె ఏకైక పుత్రిక ఎలిజబెత్ 1670లో సంతు లేక మరణించినది.

విల్మ్‌కోట్‌లో మేరీ పుట్టినిల్లని రెండు వందల యేండ్లు జనము చూచి వచ్చిన పెద్ద యిల్లు ఆమెది కాదు, పొరుగు రైతుది. పాత దస్తావేజులు వెదకగా, ఆర్డెన్ యిల్లు ప్రక్కనున్న మరొక కమతపు యిల్లని 2000లో తేలినది.