కొల్లేటి నత్తకి ఐదో కాంటూరు కావాలి

సముద్రపు స్లగ్ రీల్ తిరగని వారం లేదు మన గ్రూపుల్లో. పేరు ఎలీసియా క్లోరోటికా. ఆకులా పచ్చగా ఉంటుంది. నాచుని తిని అందులోని క్లోరోప్లాస్ట్‌లని నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది. సోలార్ ప్యానెల్ జీవి అంటూ ట్రిపుల్ఈ వాళ్లు తెగ మురిసిపోతున్నారు. మురవనీండి. అదుండేది అమెరికా తూర్పు తీరంలో. దాని దూరపు చుట్టం మాత్రం ఏలూరు దాటితే కొల్లేట్లోనే ఉంది: పైలా గ్లోబోసా, మన నత్త.

నాకైతే ఈ డిజైనే గొప్ప. గుల్ల లోపల కుడివైపు మొప్ప, ఎడమవైపు ఊపిరితిత్తి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే మెడ పక్క గొట్టం పైకి చాచి గాలి పీల్చుకుంటుంది. ఎండలకి నీళ్లు ఇంకితే బురదలో దూరి, సున్నపు మూత బిగించి, వానలదాకా నిద్రపోతుంది. గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, ఒడ్డున తడిమట్టిలో. అంటే పెరిగి తరిగే సరస్సు కోసం తయారైన ఒళ్లు అది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే కొల్లేరు ఉబ్బాలి. ఉప్పుటేరు లాగేస్తే ఒడ్డు బయటపడాలి.

అందుకే "చేపల చెరువైతే ఏంటి, నీళ్లేగా" అన్న మాట నాకెక్కదు. ఆ మాటనే ఫ్రెండ్స్‌లో కొందరి ఫీజులు ఆ చేపలే కడుతున్నాయి, తెలుసు. కానీ చెరువంటే ఎత్తు గట్టు, లోతు నీరు. నత్తగుల్ల కొంగ ఈదదు, నడుస్తుంది. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది దానికి. గుల్ల పగలగొట్టకుండానే లోపలి కండరం తెంపి నత్తని లాగేస్తుంది. మోకాలిలోతు నీళ్లే లేకపోతే అంత పనితనమూ దండగ.

1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చెరువులు కొట్టేశారు, చాలాచోట్ల మళ్లీ గట్లు లేచాయి. ఇప్పటికీ మూడో కాంటూరుకి కుదించమనే గొడవ ఉంది. సివిల్ వాళ్లు ఒక్కసారి మ్యాప్ తీసి చూడండి. మూడుకీ ఐదుకీ మధ్య ఉన్న పట్టీయే వరదకి మునిగి వేసవికి తేలేది. నత్తకి కావలసింది సరిగ్గా అదే.

కుదించడానికి నేను ఒప్పుకోను. అయితే ఆ పట్టీలో జిరాయితీ భూమి ఉన్న రైతుకి ముందు పరిహారం చేతికివ్వాలి, తర్వాతే గట్టు మీదకి పొక్లెయిన్ రావాలి.