ఆఖరి లైను చదివారా?

2023 అక్టోబరు 21, శనివారం ఉదయం. శ్రీహరికోటలో గగన్‌యాన్ పరీక్ష రాకెట్ టీవీ-డీ1 ఎగరడానికి సిద్ధంగా ఉంది. వాన మబ్బుల వల్ల అప్పటికే కాస్త ఆలస్యమైంది. లెక్క వెనక్కి నడుస్తోంది. పది, తొమ్మిది, ఎనిమిది... సరిగ్గా అయిదు సెకన్ల దగ్గర ఆగిపోయింది! ఎక్కడో తేడా ఉందని పసిగట్టిన కంప్యూటర్ తనంతట తానే ప్రయోగాన్ని నిలిపేసింది. టీవీల ముందు కూర్చున్న పిలకాయలంతా ఉసూరుమన్నారు.

అక్కడి శాస్త్రవేత్తలు ఏం చేశారు? మీటలన్నీ ఎడాపెడా నొక్కలేదు. కంప్యూటర్ ఎందుకు ఆపిందో చూశారు. ఆ తేడాను సరిచేశారు. మళ్ళీ లెక్క మొదలుపెట్టారు. పది గంటలకల్లా రాకెట్ ఎగిరింది. అది మోసుకెళ్ళిన మాడ్యూల్ పారాచూట్ల సాయంతో క్షేమంగా బంగాళాఖాతంలో దిగింది.

ఇదే తీరానికి కాస్త ఉత్తరంగా వెళ్దాం. ఇందుకూరుపేట నుంచి మైపాడు వెళ్ళే దారిలో ఓ ఇల్లు ఉందనుకోండి. ఇంటి పెద్దాయనకు రెండు రొయ్యల గుంటలు. మేత ఎంత వేశారు, ఏరేటర్లకు కరెంటు బిల్లు ఎంతైంది, పట్టుబడిలో ఏ కౌంటుకు ఏ ధర పలికింది... రెండేళ్ళ లెక్కలన్నీ ముందు గదిలోని పాత కంప్యూటర్‌లోనే. చెన్నైలో ఉద్యోగం చేసే కూతురు క్రితంసారి వచ్చినప్పుడు అందులో లినక్స్ వేసి వెళ్ళింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కించుకునే అర్హత ఆ పాత పెట్టెకు లేదు. పారేసే బదులు లినక్స్ వేస్తే ఇంకో అయిదేళ్ళు పనిచేస్తుందని ఆ అమ్మాయి లెక్క. లెక్క మంచిదే!

కార్తీక మాసం. వాయుగుండం. రాత్రి తొమ్మిదికి 'అప్‌డేట్లు ఉన్నాయి' అని తెర మీద కనిపిస్తే పెద్దాయన సరేనన్నాడు. సగంలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే అప్‌డేట్ ముందుకు కదలదు. ఎర్ర గుర్తు, నాలుగు ఇంగ్లీషు లైన్లు. చెన్నైకి ఫోను వెళ్ళింది.

"అమ్మాయ్, కంప్యూటర్ పోయింది. రేపు ఏజెంటుకు లెక్క చూపించాల."

"పోలేదులే నాయనా. తెర మీద ఆఖరి లైను ఏముందో చదువు."

ఆ అమ్మాయి అడిగిన ఆ ఒక్క ప్రశ్నే సగం వైద్యం.

ముందు ఒక ధైర్యం

అప్‌డేట్ దెబ్బతినడం పల్లెటూరి పాత పెట్టెలకే వచ్చే జబ్బు కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కంప్యూటర్లు పాడైపోలేదు. సేఫ్ మోడ్‌లో తెరిచి, తేడా చేసిన ఫైలును తొలగించగానే చాలావరకు లేచి కూర్చున్నాయి.

లినక్స్‌లోనూ అంతే. ఉబుంటు, మింట్, మన సీడాక్ తయారుచేసిన బాస్... ఇవన్నీ డెబియన్ కుటుంబంవే. వీటిలో అప్‌డేట్ మూడు అంచెల్లో జరుగుతుంది. మొదట కొత్త ప్యాకేజీలు నెట్ నుంచి దిగుతాయి. తర్వాత వాటి మూట విప్పి ఎక్కడివక్కడ సర్దుతుంది. చివరగా వాటిని పనికి సిద్ధం చేస్తుంది. ఏ ప్యాకేజీ ఏ అంచెలో ఉందో 'డీపీకేజీ' అనే గుమాస్తా ఎప్పటికప్పుడు చిట్టాలో రాసుకుంటూ ఉంటాడు. కరెంటు పోయినా చిట్టా పోదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకోమంటే అందుకుంటాడు.

ఇంకో మాట. మీ లెక్కలు, ఫొటోలు, పిలకాయల ప్రాజెక్టులు 'హోమ్' అనే అరలో ఉంటాయి. మామూలు అప్‌డేట్ ఆ అర జోలికి పోదు. అయినా కంప్యూటర్ తెరుచుకుంటుంటే మరమ్మతుకు ముందే ముఖ్యమైన ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాత ఏం చేసినా చెయ్యి వణకదు.

ఏ లైనుకు ఏ మందు?

టెర్మినల్ తెరవండి. కంట్రోల్, ఆల్ట్, టి కలిపి నొక్కితే చాలావాటిలో తెరుచుకుంటుంది. కింద చెప్పే ఆదేశాలను ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో కొట్టాలి. ముందు వచ్చే 'సుడో' అంటే ఇంటి పెద్ద హోదాలో చెబుతున్నట్టు. అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. చాలా కంప్యూటర్లలో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా కనిపించదు. కీబోర్డు చెడిందని కంగారు పడకండి. కొట్టేసి ఎంటర్ నొక్కడమే.

'డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్': పని మధ్యలో ఆగిందని అర్థం. కరెంటు పోయిన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదే. మందు కూడా చాలాసార్లు అదే లైనులో రాసి ఉంటుంది. సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ. కాన్ఫిగర్ ముందు రెండు అడ్డగీతలు, ఏ ముందు ఒకటి. మిగిలిపోయిన పని పూర్తవుతుంది. తర్వాత సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ అని కొడితే ఒకదాని మీద ఒకటి ఆధారపడిన ప్యాకేజీల్లో తప్పిపోయినవి ఉంటే తెచ్చి కలుపుతుంది. ఏదైనా తీసేయమంటావా అని అడిగితే ఆ జాబితా చదివాకే ఒప్పుకోండి.

'కుడ్ నాట్ గెట్ లాక్': ఇది జబ్బే కాదు. ఇప్పటికే ఎవరో లోపల పనిలో ఉన్నారు, తలుపు గడియ వేసి ఉంది. ఉబుంటు లాంటివి భద్రతకు సంబంధించిన అప్‌డేట్లను తెర వెనుక వాటంతటవే వేసుకుంటుంటాయి. పావుగంట ఆగి మళ్ళీ ప్రయత్నించండి. ఎవరో చెప్పారని ఆ లాక్ ఫైలును చెరిపేయకండి. ఇద్దరు గుమాస్తాలు ఒకే చిట్టాలో ఒకేసారి రాస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్': డిస్కులో చోటు లేదు. డీఎఫ్ -హెచ్ అని కొడితే ఏ అర ఎంత నిండిందో తెలుస్తుంది. సుడో ఆప్ట్ క్లీన్ అంటే అప్పటికే వాడేసిన ప్యాకేజీల మూటలు పోతాయి. సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ అంటే అవసరం తీరిన ప్యాకేజీలు, పాత కెర్నల్‌లు పోతాయి. కెర్నల్ అంటే లినక్స్‌కు గుండెకాయ. కొత్తది వచ్చినా పాతవి కొన్ని అలాగే ఉండిపోతాయి. కొన్ని కంప్యూటర్లలో వీటికి 'బూట్' అనే చిన్న అర వేరుగా ఉంటుంది. డిస్కంతా ఖాళీగా ఉన్నా ఆ ఒక్క అర నిండితే అప్‌డేట్ ఆగిపోతుంది.

'ఫెయిల్డ్ టు ఫెచ్', 'టెంపరరీ ఫెయిల్యూర్ రిజాల్వింగ్': నెట్ సరిగా లేదు. వాన రాత్రి సిగ్నల్ కోసం కుస్తీ పట్టడం కన్నా తెల్లారాక సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆ వెంటనే సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ అనడం మేలు. పూర్తిగా దిగిన మూటలను మళ్ళీ దించదు. డేటా వృథా కాదు.

'నాట్ వ్యాలిడ్ యెట్': ఇది తమాషా జబ్బు. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ ఎన్నో ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది. ఈరోజు తేదీ వేసి ఉన్న అప్‌డేట్ జాబితాను చూసి 'ఇది ఇంకా చెల్లదు' అంటుంది. దాని లెక్కలో ఆ రోజు ఇంకా రాలేదు మరి! నెట్ ఉంటే గడియారం తనంతట తానే సరిపడవచ్చు. లేదంటే మీరే తేదీ, సమయం సరిచేయండి. వీలు చూసుకుని సీఆర్2032 బ్యాటరీ మార్పించండి. అంగట్లో తక్కువ ధరకే దొరుకుతుంది.

'డజ్ నాట్ హావ్ ఎ రిలీజ్ ఫైల్': వెళ్ళిన చోట జాబితా లేదన్నమాట. విడిగా చేర్చుకున్న చిరునామా ఏదైనా మూతపడినా ఇలాగే వస్తుంది. అలా చేర్చింది ఏమీ లేకుంటే మీ లినక్స్ వయసు చూడండి. ఉబుంటులో ఎల్‌టీఎస్ అని ఉన్నవాటికి అయిదేళ్ళు మామూలు మద్దతు ఉంటుంది. మిగతావాటికి తొమ్మిది నెలలే. గడువు దాటితే మరమ్మతుతో పనికాదు. ఫైళ్ళు కాపీ చేసుకుని కొత్త విడుదలకు మారాలి. ఇంట్లో వాడుకునేవారికి ఎల్‌టీఎస్ ఉత్తమం.

అసలు తెరుచుకోకపోతే?

అప్పుడూ దారి ఉంది. కంప్యూటర్ ఆన్ చేయగానే షిఫ్ట్ గానీ, ఎస్కేప్ గానీ నొక్కితే నల్ల తెర మీద ఒక జాబితా వస్తుంది. అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' ఎంచుకోండి. పాత కెర్నల్ కనిపిస్తుంది. నిన్నటిదాకా కంప్యూటర్ నడిచింది దాంతోనే కాబట్టి చాలాసార్లు ఇవాళా నడుస్తుంది. పాతదాన్ని వెంటనే చెరిపేయకుండా ఉంచేది ఇందుకే. ఉబుంటులో దాని పక్కనే 'రికవరీ మోడ్' ఉంటుంది. అందులోకి వెళ్తే చెడిన ప్యాకేజీలను బాగుచేయడానికి డీపీకేజీ, డిస్కును తనిఖీ చేయడానికి ఎఫ్ఎస్‌సీకే, చోటు చేయడానికి క్లీన్ అని వరుసగా ఉంటాయి.

ఇదీ కుదరకపోతే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ తెరిచి, 'ట్రై' ఎంచుకుని, డిస్కులోని ఫైళ్ళను ఇంకో డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. డిస్కుకు తాళం వేసి ఉంటే ఆ పాస్‌వర్డ్ కావాలి. 'ఇన్‌స్టాల్' మాత్రం నొక్కకండి. కొత్తగా వేసేటప్పుడు డిస్కు చెరిపే అవకాశం ఉంది. లెక్కలు చేతికొచ్చాక, అవసరమైతే అప్పుడు మళ్ళీ మొదటి నుంచి వేసుకోవచ్చు. ముందు లెక్కలు, తర్వాతే కంప్యూటర్.

వానలకు ముందే...

నెల్లూరు తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. తుపాన్లూ ఆ రోజుల్లోనే ఎక్కువ. ఇంటి కప్పు సరిచేసుకున్నట్టే కంప్యూటర్‌కూ నాలుగు పనులు చేసి పెట్టుకోవాలి. చిన్న యూపీఎస్ ఉంటే మంచిది. బల్ల మీది కంప్యూటర్‌కు అది అర్ధగంట ఇవ్వకపోయినా, పద్ధతిగా ఆపుకునేంత సమయం ఇస్తుంది. వాయుగుండం రోజున, రేపు ముఖ్యమైన పని ఉందనగా అప్‌డేట్ పెట్టుకోవద్దు. అలాగని నెలల తరబడి వాయిదా వేయొద్దు. ఎండ కాసిన పగటిపూట చేసుకోండి. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనే సదుపాయం ముందే ఉంటుంది. అప్‌డేట్‌కు ముందు దాంతో ఒక స్నాప్‌షాట్ తీసుకుంటే, తేడా వచ్చినప్పుడు సిస్టమ్‌ను పాత స్థితికి తేవచ్చు. అయితే మామూలుగా అది సిస్టమ్‌నే కాపాడుతుంది. మీ ఫైళ్ళకు పెన్‌డ్రైవే దిక్కు. వారానికోసారి కాపీ తీసి, దాన్ని కంప్యూటర్ పక్కన కాకుండా బీరువాలో పెట్టండి.

మైపాడు దారిలోని ఇంటికి తిరిగొద్దాం. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ఆఖరి లైనును ఒక్కో అక్షరమే చదివాడు. కూతురు చెప్పిన ఆదేశం కూడబలుక్కుని కొట్టాడు. తెర మీద లైన్లు బిలబిలా పరిగెత్తాయి. చివరికి ఏ ఎర్ర గుర్తూ లేకుండా ఆగాయి. లెక్కల ఫైలు తెరిచి చూస్తే అంకెలన్నీ ఎక్కడివక్కడే!

"ఉండాయమ్మాయ్, అన్నీ ఉండాయి. నువ్వు చెప్పింది మళ్ళీ ఒకసారి చెప్పు."

"ఎందుకు నాయనా? పనైపోయింది గదా."

"మేత లెక్కల పుస్తకంలో రాసుకుంటా. ఈసారి కరెంటు పోతే నిన్ను నిద్ర లేపబన్లా."