పేరు పెట్టని రోగం

రాత్రి మందలో బాగానే ఉన్న గొర్రె తెల్లారేసరికి కాళ్లు చాచి పడి ఉంటుంది. కడుపు ఉబ్బి, మూతిన నురగ. మంద పెద్ద వచ్చి చూసి చిటుక రోగమంటాడు. పక్క మందవాడు కాదు, గురక అంటాడు. పశువైద్యశాల నుంచి ఎవరైనా వస్తే ఓ సూది పడుతుంది, రాకపోతే మందుల షాపువాడు ఇచ్చిందే వైద్యం. రెండు రోజుల్లో ఇంకో పది పోతాయి. ఆ పదింటిలో ఒక్కదాని నెత్తురు చుక్కయినా గాజు పలక మీదికి ఎక్కదు. ఒక్కదాని పేగు ముక్కయినా ఐసు పెట్టెలో జిల్లా కేంద్రానికి చేరదు. చచ్చినవాటిని ఊరి బయట పూడ్చేస్తారు, లేదంటే కోసి పంచుకుంటారు. ఏ రోగంతో పోయాయని అడిగే నాథుడుండడు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో దేశంలోనే మొదటి స్థానం తెలంగాణది, సుమారు 1.9 కోట్లు. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. కోడిగుడ్ల ఉత్పత్తిలో దేశానికి ఆంధ్రప్రదేశే ముందు. ఇంత జీవసంపద ఉన్న నేల మీద, తన జిల్లాలో పశువ్యాధి నిర్ధారణ ల్యాబు ఏ వీధిలో ఉందో చెప్పగలిగే రైతును వెతికి పట్టుకోవాలి.

డబ్బు లేక ఇలా అయిందంటే నమ్మలేం. రోగానికి పేరు పెడితే పని మీద పడుతుంది. సంత మూయించాలి, మందలు కదలకుండా చూడాలి, పరిహారం లెక్క కట్టాలి, పైవాళ్లకు సంజాయిషీ రాసుకోవాలి. పేరు పెట్టకపోతే వాతావరణం మారిందనో, మేత తేడా చేసిందనో ఒక్క వాక్యంతో ఫైలు మూతపడుతుంది. ఈ సుఖాన్ని ఏ జెండా ప్రభుత్వమూ వదులుకోలేదు. అంబులెన్సుకు పచ్చజెండా ఊపితే ఫొటో వస్తుంది. రోగాన్ని తేల్చే ఎలీసా పరీక్ష కిట్టుకు బిల్లు చెల్లిస్తే ఏం వస్తుంది? మహా అయితే ఓ చెడ్డ వార్త వస్తుంది. ల్యాబులను ఎండబెట్టడం పొరపాటున జరిగింది కాదనీ, దాని వెనక ఈ లెక్క ఉందనీ మా అభియోగం.

దొమ్మ రోగాన్నే చూడండి. ఇంగ్లీషు చదువులో ఆంత్రాక్స్ అంటారు. దాన్ని పట్టుకోవడానికి కోట్ల యంత్రాలు అక్కర్లేదు. చచ్చిన పశువును కోయకుండా చెవి నరం నుంచి నెత్తురు చుక్క తీసి, గాజు పలక మీద పూసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెడితే చాలు. వెదురు కణుపుల్లా బారులు తీరిన నీలి కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ పొర. తెలిసిన కంటికి నిమిషాల పని. ఆ చూపు లేనిచోట ఏమవుతుంది? కళేబరాన్ని కోస్తారు. గాలి తగిలిన సూక్ష్మజీవి బీజాలుగా మారి మట్టిలో దశాబ్దాల పాటు బతికే ఉంటుంది. చచ్చిన పశువును కోసి పంచుకున్న గిరిజనుల చేతుల మీద నల్ల పక్కు కట్టిన పుండ్లు తేలడం విశాఖ మన్యానికి కొత్త సంగతి కాదు. పశువు ఎందుకు చచ్చిందో మనిషి చేతి మీది పుండును చూసి తెలుసుకోవడం! అలాంటి వార్త వచ్చినప్పుడల్లా వైద్య బృందాలు ఊళ్లోకి పరుగెడతాయి. పశువు పడిపోయిన రోజు ఓ సూక్ష్మదర్శిని ఆ దగ్గర్లో ఎందుకు లేదని మాత్రం సమీక్షల్లో చర్చకు రాదు.

ఇక బర్డ్ ఫ్లూ. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్లదిబ్బల్లో కోళ్లు చచ్చిపోయాయి. భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల సంస్థకు శాంపిళ్లు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. పాఠం నేర్చుకోవడానికి ఏడాది గడువు దొరికింది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారం ఫారాల శాంపిళ్లలో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఉందని మళ్లీ అదే భోపాల్ సంస్థ చెప్పింది. అప్పటికే ఆ రెండు జిల్లాల్లో కోళ్లు గుట్టలుగా రాలుతున్న సంగతి ఊరూరా తెలుసు. కొక్కెర తెగులని కొందరు, ఇంకేదో వైరస్ అని కొందరు అనుకుంటూ ఉండగానే కోడి లారీ ఎక్కింది, గుడ్డు అట్ట ట్రేలో ఊళ్లు దాటింది. ఆ ఖాళీ ట్రేలే మళ్లీ ఫారాలకు తిరిగొచ్చాయి.

భోపాల్‌ను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. అంత ప్రమాదకరమైన వైరస్‌ను గట్టి కట్టుదిట్టాల మధ్యే తెరవాలి, తుది మాట అలాంటి ల్యాబుదే కావాలి. అడగాల్సింది ఆ తుది మాటకు ముందు పోయిన రోజుల గురించి. మొదటి కోడి చచ్చిన నాటికీ, ఐసు పెట్టె కట్టిన నాటికీ మధ్య ఎన్ని రాత్రులు గడిచాయి? కొక్కెరా, ఫ్లూనా అని మొదటి వడపోత పట్టే పీసీఆర్ యంత్రం ఏ జిల్లాలో పని చేస్తోంది? దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ కలిపి ప్రాంతీయ ల్యాబు బెంగళూరు హెబ్బాళలో ఉంది. గుడ్లలో దేశానికే మొదటి స్థానమని చెప్పుకునే రాష్ట్రానికి ఆ స్థాయి ల్యాబు సొంతంగా కావాలని అడిగిన మంత్రి ఎవరైనా ఉన్నారా?

ఈ ఆలస్యం ఖరీదు ఎవరి మీద పడుతుందో నిబంధనలే చెబుతాయి. బర్డ్ ఫ్లూ కార్యాచరణ ప్రణాళిక కింద ప్రభుత్వం చంపించిన కోడికి, పూడ్పించిన గుడ్డుకు, మేతకు పరిహారం ఉంది. సగం కేంద్రం, సగం రాష్ట్రం భరిస్తాయి. రోగం వచ్చి తనంతట తాను చచ్చిన కోడికి పైసా లేదు. హెచ్5ఎన్1 దిగిన షెడ్డు ఖాళీ కావడానికి కొన్ని రోజులు చాలు. ఫలితం ఎంత ఆలస్యమైతే సర్కారు చంపించాల్సిన కోళ్లు అంత తగ్గుతాయి, ఖజానా మీద భారమూ అంత తగ్గుతుంది. ఎవరూ కావాలని ఇలా చేశారని మేం అనడం లేదు. కానీ ఆలస్యం వల్ల రైతు మునిగి సర్కారు మిగుల్చుకునే ఏర్పాటులో తొందర ఎక్కడి నుంచి వస్తుంది? ఇది తెలిసిన రైతు నాలుగు కోళ్లు తూలగానే మిగతావి అయినకాడికి అమ్ముకుంటాడు. చచ్చినవి రాత్రికి రాత్రి కాలవలో పడతాయి. రోగంతో చచ్చిన జీవిని నీళ్లలో వేయడం 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం కింద నేరం. కనిపెట్టిన లక్షణాన్ని వెంటనే చెప్పడం కూడా అదే చట్టం మోపిన బాధ్యత. చెప్పినవాడు నష్టపోయి, దాచినవాడు కొంతైనా రాబట్టుకునే చోట ఆ చట్టాన్ని ఎవరు చదువుతారు?

2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1తో చనిపోయింది. ఆ పసిదాని నమూనాల్లో వైరస్‌ను నిర్ధారించింది పుణెలోని వైరాలజీ సంస్థ. కోడి దగ్గర ఆగాల్సిన కబురు బిడ్డ దాకా వచ్చింది.

పశువుల పేరిట ఖర్చే జరగడం లేదని ఎవరూ అనలేరు. గాలికుంటు, ఈసుడు రోగాల మీద 2019లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమానికి అయిదేళ్లకు 13,343 కోట్లు ప్రకటించారు. ఏటా రెండు విడతల గాలికుంటు టీకా, చెవికి పన్నెండంకెల ట్యాగు, పోర్టల్లో నమోదు. ఇన్ని డోసులు వేశామని ప్రతి వేదిక మీదా లెక్క వినిపిస్తుంది. సూదుల లెక్క సరే, రోగం లెక్క ఏది? టీకాతో పుట్టే యాంటీబాడీలు వేరు, అసలు వైరస్ సోకితే పుట్టేవి వేరు. ఆ రెంటినీ విడదీసి చూపే ఎలీసా పరీక్ష మన దగ్గర ఉంది. ఏ మండలంలో టీకా పట్టింది, ఎక్కడ వట్టి నీళ్లలా పోయింది, ఎక్కడ వైరస్ గుట్టుగా తిరుగుతోందనేది ఇలాంటి పరీక్షలే చెబుతాయి. పథకం తొలి ఏళ్లలో కొన్ని టీకా బ్యాచులు నాణ్యత పరీక్షలో తప్పి విడత ఆగిపోయిన సంగతి గుర్తుందా? ఆ లోపాన్ని బయటపెట్టింది పోర్టల్ కాదు, ల్యాబు. ఐసు కరిగిన పెట్టెలోంచి వేసిన డోసు కూడా పోర్టల్లో డోసే.

సూదుల లెక్కకూ రోగం లెక్కకూ ఉన్న ఈ తేడా మనకు తెలియదని బుకాయించడానికి వీల్లేదు. ముసర రోగాన్ని, అంటే రిండర్‌పెస్ట్‌ను, తరిమింది మనమే. ఆ రోగం ఊళ్ల మీద పడితే కాడి కట్టడానికి ఎద్దు మిగిలేది కాదు. దాని దెబ్బకే తెల్లదొరల ప్రభుత్వం 1889లో పుణెలో బ్యాక్టీరియాలజీ ల్యాబు పెట్టింది. నాలుగేళ్లకు దాన్ని పశుమందలకు దూరంగా హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు తరలించింది. 1897లో రాబర్ట్ కాక్ అంతటివాడు అక్కడికి వెళ్లాడు. నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థకు మూలం అదే. రోగం మీద గెలుపు మాత్రం శతాబ్దం దాటాక వచ్చింది. ఆ గెలుపును రుజువు చేసిన తీరును నేటి అధికారులు మళ్లీ చదువుకోవాలి. ముందు టీకా వేయడం ఆపారు. ఆపడానికి గుండె ధైర్యం కావాలి. రోగం ఇంకా ఉంటే అప్పుడు బయటపడాలి. ఊరూరా తిరిగి ముసర లక్షణాలున్న పశువు ఉందా అని అడిగారు, సీరం తీశారు, ల్యాబుల్లో పరీక్షించారు. లేదు, లేదు అని ఏళ్ల తరబడి వచ్చిన ఫలితాలను ప్రపంచం ముందు పెట్టారు. 2006లో భారత్‌కు ఆ రోగం నుంచి విముక్తి లభించిందని అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ ఒప్పుకొంది. 2011లో భూమ్మీదే లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రోగం ఇదొక్కటే. రోగం లేదని మనం చెప్పిన మాటను ప్రపంచం నమ్మిందంటే అది ఆ పరీక్షల బలం. ఇన్ని కోట్ల సూదులు వేశామంటే నమ్మేది కాదు.

ల్యాబు పేరు పెట్టాక వినిపించుకోని ఘనత కూడా మనకుంది. పశువులకు సోకే లంపీ స్కిన్ రోగాన్ని దేశంలో తొలిసారి 2019లో ఒడిశాలో గుర్తించారు. మన పక్క రాష్ట్రమే. మూడేళ్ల సమయం చేతిలో ఉంది. 2022లో అది రాజస్థాన్, గుజరాత్‌ల మీద విరుచుకుపడి, సర్కారు లెక్కల్లోనే దేశంలో లక్షన్నరకు పైగా పశువుల్ని బలి తీసుకుంది. బెంగళూరులోని పశువ్యాధుల సమాచార సంస్థ నివేది జిల్లాలవారీగా రోగాల ముందస్తు హెచ్చరికలు నెలనెలా ఇస్తోంది. ఎంత మంది జిల్లా అధికారులు వాటిని తెరిచి చూస్తారో వాళ్లకే ఎరుక. పైగా ఆ హెచ్చరికలకు ముడిసరుకు రాష్ట్రాలు పంపే నివేదికలే. కింద నుంచి సున్నాలు వెళ్తే పైన కంప్యూటరు మాత్రం ఏం పండిస్తుంది?

ల్యాబు లోపలి సంగతి చూడబోతే గోడలు, బోర్డు, శిలాఫలకం ఉంటాయి. యంత్రం ఒక్కసారి కొంటే వస్తుంది. దాన్ని నడిపే రసాయనాలు నెలనెలా కొనాలి, ఫ్రీజరుకు రాత్రింబవళ్లు కరెంటు కావాలి, చెయ్యి తిరిగిన టెక్నీషియన్ స్థిరంగా ఉండాలి. ఈ మూడూ శిలాఫలకం మీద చెక్కడానికి వీలు కానివి. ల్యాబు పోస్టు అంటే పక్కకు నెట్టేసిన పోస్టని శాఖలోనే చులకన. అక్కడి డాక్టరును టీకాల డ్రైవుకో, పథకం సర్వేకో పంపేయడం మామూలు. కింద ఊళ్లో డాక్టరుకు శాంపిల్ తీయమని చెబుతారు గానీ, ఐసుకు, పెట్టెకు, బస్సులో పార్సిల్ ఖర్చుకు ఏ పద్దు కింద రాసుకోవాలో చెప్పరు. పోనీ పంపాడనుకుందాం. ఫలితం ఎప్పుడో, పశువు పోయాక వస్తుంది, లేదా రాదు. రెండుసార్లు ఇలా అయ్యాక మూడోసారి పంపేంత ఓపిక ఎవరికుంటుంది? చేతికందిన యాంటీబయాటిక్ ఎక్కించడమే మిగులుతుంది.

పశువులకు వైద్యం చేసే మనుషుల ప్రాణం గురించి కూడా ఒక మాట. గేదె ఈసుకుపోయిందని కబురొస్తే గోపాలమిత్ర వెళ్లి లోపల మిగిలిన మాయను చేత్తో తీస్తాడు, చాలాసార్లు గ్లౌజు లేకుండానే. అది ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లా అయితే అతనికి ఏళ్ల తరబడి వదలని జ్వరం, కీళ్ల నొప్పులు. ఆ గేదె సీరం ఒక చుక్క, రోజ్ బెంగాల్ యాంటిజెన్ ఒక చుక్క కలిపితే నాలుగు నిమిషాల్లో అనుమానం తేలిపోతుంది. ఆ నాలుగు నిమిషాలు కూడా అతనికి దక్కడం లేదు.

రెండు రాష్ట్రాల పశుసంవర్ధక మంత్రులూ జవాబు చెప్పాలి. జిల్లా ల్యాబుల్లో ఎన్ని పోస్టులు ఖాళీ, గడిచిన ఏడాది ఎన్ని శాంపిళ్లు వచ్చాయి, ఒక్కోదాని ఫలితం ఎన్ని రోజులకు వెళ్లింది అన్నవి బయటపెట్టాలి. వారం వారం జిల్లాలవారీగా ఏ రోగం తేలిందో రైతు చదవగలిగే తెలుగులో ప్రచురించాలి. కోడి ధర పడిపోతుందని భయపడి దాచేవారు, దాచినది పొక్కినప్పుడు ఏ ధరకు దిగిందో 2025 ఫిబ్రవరిలో చికెన్ దుకాణాల ముందు చూశారు. బర్డ్ ఫ్లూ పరిహారాన్ని రైతు కబురు పెట్టిన రోజు నుంచి లెక్కించాలి. ఆ రోజు తర్వాత, ఫలితం వచ్చేలోపు చచ్చిన కోడికీ చెల్లించాలి. అప్పుడు ఆలస్యం ఖర్చు ఖజానా మీద పడుతుంది, ఐసు పెట్టెలు వాటంతటవే కదులుతాయి. ల్యాబు డాక్టరును ల్యాబులోనే ఉంచడానికి జీవో కూడా అక్కర్లేదు, పక్క పనులు చెప్పకపోతే చాలు.

చలికాలం మొదలవుతూనే వలస పక్షులు కొల్లేరుకు, పులికాట్‌కు దిగుతాయి. ఆ నీళ్ల చుట్టుపక్కలే మన కోళ్ల షెడ్లున్నాయి. పక్షులు దిగేలోపు కనీసం ఆ జిల్లాల ల్యాబుల్లో ఖాళీ కుర్చీలైనా నింపుతారా?