గాజువాక కుర్రోడి చేతికి బంతి ఇవ్వండి

యలమంచిలిలో క్రికెట్ ఊసెత్తితే చాలు, టీ కొట్టు దగ్గర రెండు పార్టీలు తయారవుతాయి. ‘మనోడు టెస్టుల్లో పదేళ్లు ఆడతాడు, రాసిపెట్టుకోండి’ అనేది ఒక పార్టీ. ‘మెల్‌బోర్న్ తర్వాత ఏం చేశాడండీ?’ అనేది రెండోది. మనోడంటే ఎవరో ఇక్కడ చెప్పనక్కర్లేదు. విశాఖ బస్సెక్కితే అనకాపల్లి, లంకెలపాలెం, కూర్మన్నపాలెం దాటాక గాజువాక వస్తుంది. నితీశ్ కుమార్ రెడ్డిది ఆ గాజువాకే. అంత దగ్గరివాడు కాబట్టే పొగడ్తలోనూ తిట్టులోనూ కాస్త చనువు ఎక్కువ.

ఇలాంటి వాదన ఒక్క యలమంచిలిదే కాదు. అమెరికాలో ఏటా వసంతకాలంలో ఫుట్‌బాల్ అభిమానులకు ఇదే పని. కాలేజీ నుంచి వచ్చిన కుర్ర క్వార్టర్‌బ్యాక్ ప్రొఫెషనల్ లీగ్‌లో నెగ్గుకొస్తాడా రాడా అని నెలల తరబడి కొట్టుకుంటారు. బంతి విసిరేదీ జట్టును నడిపేదీ అతనే మరి. ఆ జోస్యాలు ఎంత గాలివాటమో చూడండి. 2000లో లీగ్ జట్లు కుర్రాళ్లను ఎంచుకునే వేళ టామ్ బ్రాడీని 199వ ఆటగాడిగా తీసుకున్నారు. అతను ఏడు సూపర్ బౌల్స్, అంటే ఆ లీగ్ ఫైనల్స్, గెలిచాడు. 2007లో మొట్టమొదట ఎంపికైన జమార్కస్ రస్సెల్ మూడు సీజన్లతో కనుమరుగయ్యాడు. 2005లో వచ్చిన ఆరన్ రాడ్జర్స్‌ది ఇంకో కథ. బ్రెట్ ఫార్వ్ వెనక మూడేళ్లు బెంచీ మీదే కూర్చుని, 2008లో జట్టు పగ్గాలు అందుకుని, 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించాడు. ఎంపికైన రోజున తేల్చిన జాతకాలు చాలావరకు చిత్తు కాగితాలే. ఆ తర్వాత కుర్రాడి చేత ఏ పని చేయించారు, ఎంత ఓపిక పట్టారు అన్నదే లెక్కలోకి వచ్చింది.

నితీశ్ లెక్క కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అతను 2003 మే 26న పుట్టాడు. తండ్రి ముత్యాల రెడ్డి హిందుస్థాన్ జింక్ ఉద్యోగి. బదిలీ మీద రాజస్థాన్ వెళ్లాల్సి వచ్చినప్పుడు, కొడుకు ఆట చెడుతుందని ఉద్యోగమే వదిలేశాడు. గాజువాక లాంటి పారిశ్రామిక ప్రాంతంలో కంపెనీ ఉద్యోగమంటే ఏమిటో యలమంచిలి వాళ్లకు వేరే చెప్పాలా? అచ్యుతాపురం సెజ్‌లో పర్మనెంట్ అవుతుందా లేదా అని ఎదురుచూసే ఇళ్లు ఇక్కడ బోలెడు. పర్మనెంట్ ఉద్యోగాన్ని పిల్లాడి బ్యాటు కోసం వదిలేశాడంటే చుట్టాలు ఏమని ఉంటారో ఊహించుకోవచ్చు.

పిల్లాడు ఆ నమ్మకాన్ని తొందరగానే నిలబెట్టాడు. మాజీ క్రికెటర్ ఎమ్మెస్కే ప్రసాద్ కంట్లో పడ్డాడు, కడపలోని ఆంధ్ర క్రికెట్ సంఘం అకాడమీకి వెళ్లాడు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. ఆ ఏడాది అండర్-16 ఉత్తమ ఆటగాడిగా బీసీసీఐ జగ్‌మోహన్ దాల్మియా అవార్డు అందుకున్నాడు. ఇక్కడొక చిన్న మాట: అదే టోర్నీలో 26 వికెట్లు కూడా తీశాడు. 441 అందరికీ గుర్తుంది, 26 ఎవరికీ గుర్తులేదు. తర్వాతి కథంతా ఇలాగే నడిచింది.

2020 జనవరిలో ఆంధ్ర తరఫున రంజీల్లోకి వచ్చాడు. అక్కడ ఆశ్చర్యంగా బ్యాటు మూగబోయింది, బంతి మాట్లాడింది. 2024 నవంబర్‌లో పెర్త్‌లో తొలి టెస్టు ఆడేనాటికి ఫస్ట్‌క్లాస్ మ్యాచుల్లో అతని బ్యాటింగ్ సగటు 21 చుట్టుపక్కలే ఉంది. వికెట్లు మాత్రం యాభై దాటాయి, అవీ ఒక్కోటీ 27 పరుగుల లోపు ఖర్చుతో. కాగితం మీద చూస్తే అతను బ్యాటు పట్టుకోగల బౌలర్. ఐపీఎల్ చూసిన జనానికి బంతి వేయగల బ్యాటర్. 2024 సీజన్‌లో సన్‌రైజర్స్‌కు 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు కొట్టాడు, మరుసటి సీజన్‌కు జట్టు 6 కోట్లిచ్చి అట్టిపెట్టుకుంది. అప్పటి నుంచి అతని గురించి ఎవరు మాట్లాడినా సిక్సర్ల గురించే.

తర్వాత మెల్‌బోర్న్. 2024 డిసెంబర్ 28. ఆస్ట్రేలియా 474 చేసింది. భారత్ 191కి ఆరు వికెట్లు పోగొట్టుకున్నప్పుడు ఎనిమిదో నంబర్‌లో దిగాడు. కాసేపటికి జడేజా కూడా వెళ్లిపోయాడు. వాషింగ్టన్ సుందర్ తోడుగా ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు జోడించాడు. యాభై కాగానే బ్యాటును గడ్డం కింద రాసి పుష్ప సైగ చేశాడు. ఆ ఒక్క సైగతో ఆస్ట్రేలియా వాళ్లకు తెలుగు సినిమా పరిచయమైపోయింది. నితీశ్ 97 దగ్గర ఉండగా సుందర్ అవుట్. 99 దగ్గర ఉండగా బుమ్రా అవుట్. మిగిలింది ఆఖరి బ్యాటర్ సిరాజ్, ఎదురుగా కమిన్స్, ఓవర్లో ఇంకా మూడు బంతులు. గ్యాలరీలో ముత్యాల రెడ్డి చేతులు జోడించి నిలబడ్డాడు. సిరాజ్ మూడూ ఆపేశాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా లేపి బౌండరీ దాటించాడు. మోకాలి మీద కూర్చుని, నిలబెట్టిన బ్యాటు పిడి మీద హెల్మెట్ తగిలించాడు. 114 పరుగులు, అది కూడా ఇరవై ఒక్క ఏళ్ల వయసులో.

ఆ టెస్టును భారత్ 184 పరుగుల తేడాతో ఓడిపోయింది. అది మన ఊళ్లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, గుర్తుపెట్టుకోవాలని అనడం కూడా అన్యాయమే.

రెండో పార్టీ వాదనకూ బలముంది. మెల్‌బోర్న్ తర్వాత సిడ్నీలో 0, 4. పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి ఇంగ్లండ్‌తో టీ20 సిరీస్ మధ్యలోనే ఆగిపోయాడు. 2025 ఐపీఎల్‌లో 182 పరుగులే. ఎడ్జ్‌బాస్టన్‌లో రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ ఒక్కో పరుగు. తర్వాత మోకాలి గాయంతో ఇంగ్లండ్ నుంచి ముందే ఇంటికి. అక్టోబర్‌లో ఆస్ట్రేలియా వన్డేల్లో తొడ కండరం. నవంబర్‌లో గువాహటిలో దక్షిణాఫ్రికా మీద 10, 0. భారత్ 408 పరుగుల తేడాతో చిత్తయింది. అప్పటికి పది టెస్టులకు మొత్తం 396 పరుగులు, 8 వికెట్లు. ఈ అంకెలు పట్టుకుని ‘ఆల్‌రౌండర్ ఎక్కడున్నాడు?’ అని అడిగేవాణ్ణి తప్పుపట్టలేం.

కానీ ఆ ఎనిమిది వికెట్ల వెనక ఇంకో సంగతుంది. 2025 జులైలో లార్డ్స్‌లో బంతి అందుకున్న మొదటి ఓవర్లోనే ఇంగ్లండ్ ఓపెనర్లు డకెట్, క్రాలీ ఇద్దరినీ వెనక్కి పంపాడు. రెండో ఇన్నింగ్స్‌లో మళ్లీ క్రాలీ వికెట్టు. నిజంగా పని అప్పజెప్పిన మ్యాచ్ అది, పని చేసి చూపించాడు. మూడు నెలలు తిరగకుండా ఢిల్లీలో వెస్టిండీస్ టెస్టుకు తీసుకున్నారు. ఐదో నంబర్‌లో పంపితే 43 పరుగులు చేశాడు. బంతి మాత్రం ఒక్క ఓవర్ కూడా ఇవ్వలేదు. స్పిన్నర్ల పిచ్ మీద సీమర్‌కు పనేముంటుందని కెప్టెన్ పక్షాన వాదించవచ్చు. విదేశాల్లో మాత్రమే ఆడించి వదిలేయకూడదు, ఇక్కడ కూడా అలవాటు కావాలి అన్న ఆలోచనా మంచిదే. అయితే బౌలింగ్ అలవాటు కావాలంటే బౌలింగ్ చేయాలి కదా! వంటవాణ్ణి పిలిచి వడ్డనకు నిలబెట్టి, చివర్లో కూర రుచి గురించి అడిగినట్టుంది వ్యవహారం.

మన దేశానికి పేస్ ఆల్‌రౌండర్ అంటే ఆత్రం ఎక్కువ, ఓపిక తక్కువ. కపిల్ దేవ్ 131 టెస్టుల్లో 5248 పరుగులు చేసి, 434 వికెట్లు తీసి వెళ్లాక ఆ కుర్చీ కోసం ఎంతమందిని వెతికారో! ఇర్ఫాన్ పఠాన్ పందొమ్మిదేళ్లకే అడిలైడ్‌లో అరంగేట్రం చేసి, సరిగ్గా 100 వికెట్లు, 1105 పరుగుల దగ్గర 23 ఏళ్లకే చివరి టెస్టు ఆడేశాడు. హార్దిక్ పాండ్య 11 టెస్టులు ఆడి 2018 తర్వాత మళ్లీ తెల్ల దుస్తులు వేసుకోలేదు, నడుం నొప్పి అతణ్ణి పొట్టి ఆటలకే పరిమితం చేసింది. నితీశ్ శరీరం ఒక్క ఏడాదిలో మూడు చోట్ల మొరాయించిందంటే భయపడాల్సింది ఇక్కడే. బ్యాటింగ్ ఫామ్ పోతుంది, వస్తుంది. బెన్ స్టోక్స్ రెండో టెస్టులోనే పెర్త్‌లో 120 కొట్టి, మరుసటి ఏడాది లార్డ్స్‌లో మన మీద రెండు సున్నాలు చుట్టి, 2015 ప్రపంచకప్ జట్టులో చోటు కూడా పోగొట్టుకున్నాడు. మరుసటి జనవరికల్లా కేప్‌టౌన్‌లో 258 కొట్టాడు. ఇంగ్లండ్ అతణ్ణి సున్నాలు చూసి వదిలేసి ఉంటే ఆ 258 ఉండేది కాదు.

తెలుగు నేల అనుభవం కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి. గుంటూరు అంబటి రాయుడు పదిహేడేళ్లకే హైదరాబాద్ తరఫున ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ చేశాడు, అదీ ఆంధ్ర మీద. 2004 అండర్-19 ప్రపంచకప్‌లో కెప్టెన్. అతని కింద ఆడిన శిఖర్ ధావన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్ టెస్టులు ఆడారు. కెప్టెన్‌కు మాత్రం ఒక్క టెస్టూ దక్కలేదు. బీసీసీఐ గుర్తించని ఐసీఎల్ లీగ్ వైపు వెళ్లడం, నిషేధం, క్షమాభిక్ష, 2013లో తొలి వన్డే, 2019 ప్రపంచకప్ తిరస్కారం. ఆ చివరి ఘట్టంలో చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాదే, అంటే నితీశ్‌ను చిన్నప్పుడు పట్టుకున్న మనిషే. చమత్కారం కాలానిదే అనుకోవాలి. మన విశాఖ కేఎస్ భరత్‌కు ఏడు టెస్టులు ఇచ్చి, చివరిది సొంత ఊళ్లోనే ఆడించి పక్కన పెట్టారు. సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి మ్యాచ్ కాపాడిన హనుమ విహారికి దక్కినవి మొత్తం 16.

ఇవన్నీ సెలక్టర్ల కుట్ర అనడం తేలిక, నిజం కూడా కాదు. భరత్ బ్యాటు తగినన్ని పరుగులు చేయలేదు. సగటు 20. కానీ మన కుర్రాళ్లకు రెండో అవకాశం వచ్చేసరికి వయసు మళ్లుతోందన్నది నిజం. ఇరవై ఒక్క ఏళ్లకే టెస్టు సెంచరీ కొట్టినవాడికి ఆ బాధ లేదు. చేతిలో పదేళ్లున్నాయి.

సంక్రాంతికి యలమంచిలి చుట్టుపక్కల ఊళ్లలో టెన్నిస్ బంతి టోర్నమెంట్లు జోరుగా సాగుతాయి. అక్కడ జట్లకు పెట్టే పేర్లు, ఎగరేసే సిక్సర్లు చూస్తే పిల్లలు నితీశ్‌లో ఏం చూశారో అర్థమవుతుంది. వాళ్లు చూసింది బ్యాటునే. నిఖార్సయిన శిక్షణ కావాలంటే నగరం మొత్తం దాటి మధురవాడ స్టేడియం దాకా వెళ్లాలి. రానూపోనూ సగం రోజు పోతుంది. అంత కష్టపడి వెళ్లే పిల్లాడు ఆరుగంటలు ఎండలో బంతి వేసే పని నేర్చుకుంటాడా, నలభై నిమిషాల్లో ఐపీఎల్ స్కౌట్‌ను మెప్పించే షాట్లు నేర్చుకుంటాడా? నితీశ్‌ను ఎలా వాడుకుంటారన్నదాన్ని బట్టే ఆ పిల్లాడి లెక్క కూడా తేలుతుంది.

రెండు పార్టీల మధ్య తీర్పు చెప్పమంటే ఇదీ: బ్యాటర్‌గా నితీశ్ టెస్టుల్లో నిలబడతాడు. తొలి సిరీస్‌లో, ఆస్ట్రేలియాలో, చివరి వరుసలో దిగి 298 పరుగులు చేసిన వాడి టెక్నిక్ మీద అనుమానం అక్కర్లేదు. ఆల్‌రౌండర్ అవుతాడా అన్నదానికి మాత్రం జవాబు ఇంకా రాలేదు, ఎందుకంటే లార్డ్స్ లాంటి ఒకటీ అరా తప్ప ఆ పరీక్ష ఎవరూ పూర్తిగా పెట్టలేదు. జాతీయ జట్టులో బంతి ఇవ్వని మ్యాచ్‌లో ఆడించడం కంటే, ఆంధ్ర రంజీ జట్టుకు పంపి రోజుకు పదిహేను ఓవర్లు వేయించడం మేలు. శరీరం తట్టుకుంటుందో లేదో అక్కడే తెలుస్తుంది. బీసీసీఐ, ఆంధ్ర క్రికెట్ సంఘం కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే రంజీ సీజన్‌లోనే ఈ పని అయిపోతుంది. ఆ ఏర్పాటు చేయండి.