బడి పత్రికను పిల్లల చేతికివ్వండి

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, కాలేజీ యాజమాన్యాలకు మనవి.

సంక్రాంతి సెలవులు అయ్యీ అవగానే మా డీటీపీ షాపులకు కాగితాల కట్టలు దిగుతాయి. రూళ్ల కాగితాల మీద పిల్లలు రాసిన కవితలు, పొడుపుకథలు, జోకులు. ఒక పెన్‌డ్రైవ్‌లో ఫోటోలు. "వార్షికోత్సవం వచ్చే వారమే, ఎలాగోలా కానివ్వండి" అని పురమాయించి వెళ్లిపోతారు. ఈ కరపత్రం రాస్తున్నది అలాంటి షాపు నడిపి పొట్టపోసుకుంటున్నవాడే. నా గిరాకీ నేనే చెడగొట్టుకునే మాట చెబుతున్నాను కాబట్టి కాస్త ఆలకించండి.

ఆ సంచికల తీరు మీకు తెలియంది కాదు. ముందు కరస్పాండెంటు గారి సందేశం, తర్వాత ప్రిన్సిపాల్ గారిది, ఆ వెనక ముఖ్య అతిథికి శాలువా కప్పుతున్న ఫోటో, ఆపైన ర్యాంకుల పిల్లల పాస్‌పోర్టు ఫోటోలు. పిల్లల రాతలకు మిగిలిందే చోటు. పేజీలో పట్టక ఎవరి కవితలోనో చివరి రెండు పాదాలు ఎగిరిపోయినా అడిగే నాథుడుండడు. ఒకసారి సభ ఫోటోలో ఖాళీ కుర్చీల్లో మనుషుల్ని నింపమని కూడా నన్ను అడిగారు. అట్ట మీద మాత్రం 'విద్యార్థుల పత్రిక' అని పెద్ద అక్షరాలు!

నేను కోరేది ఒక్కటే. వచ్చే సంచిక బడిలోనే తయారు కావాలి. ఫోటోలు పిల్లలే తీయాలి, పేజీలు పిల్లలే కట్టాలి, ప్రూఫులు దిద్దేదీ ప్రెస్సుకు వెళ్లేదీ వాళ్లే కావాలి.

రాయడం వరకైతే సరే, ఈ కెమెరాలూ కంప్యూటర్లూ ఎందుకంటారా? తొమ్మిదో తరగతి అమ్మాయికి ఒక పని అప్పజెప్పి చూడండి: మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఫోటో తీసుకురమ్మనండి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట తీస్తుంది. ఎండ నడినెత్తిన ఉంటుంది కనుక ఆవిడ కళ్లు రెండూ నల్లటి గుంటల్లా పడతాయి. అదే ఆవిడను వంటగది గుమ్మం లోపలికి జరిపి పక్కనుంచి వెలుతురు పడనిస్తే ముఖం మీది చెమట, కళ్లలోని తడి కూడా కనిపిస్తాయి. కెమెరా మారలేదు, మారింది నిలబడ్డ చోటే. వెలుతురు గురించి ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ ఫోటో తీయాలంటే ఆ అమ్మాయి ముందు ఆవిడతో మాట్లాడాలి, పేరడగాలి, పొద్దున్నే ఎన్నింటికి పొయ్యి వెలిగిస్తుందో తెలుసుకోవాలి. ఫోటో కింద రాసే రెండు వాక్యాలు అక్కడే పుడతాయి.

తర్వాత ఆ ఫోటోను వాట్సాప్‌లో పంపుతుంది. మామూలుగా పంపితే అది కుంచించుకుపోయి పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు దిగుతుంది. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 1600ను 300తో భాగిస్తే వచ్చేది అయిదు అంగుళాల పైచిలుకు. ఏ4 పేజీ నిండాలంటే 2480, 3508 పిక్సెళ్లు ఉండాలి. బడి సంచికల్లో ఫోటోలు అలుక్కుపోయినట్టు ఉండడానికి సగం కారణం ఇదే. డాక్యుమెంట్‌గా పంపితే ఆ బెడద ఉండదు. లెక్కల మాస్టారు ఈ భాగహారం ఒక్కటి బోర్డు మీద చేయిస్తే చాలు.

పేజీ కట్టడంలో మన భాషకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని సాఫ్ట్‌వేర్ ఇచ్చే వరుస ఎడం తెలుగుకు చాలదు. 'రాష్ట్రం' అని రాస్తే కింద రెండు ఒత్తులు వేలాడతాయి, కింది వరుసలోని గుడి వచ్చి వాటికి గుద్దుకుంటుంది. వరుసల మధ్య ఎడం పెంచితే గానీ చదవబుద్ధి కాదు. పిల్లలు ఇది కంటితో చూసి, చేత్తో సరిచేసి తెలుసుకోవాలి.

పిల్లలు ఫోన్లో కొట్టే తెలుగు యూనికోడ్. మా షాపుల్లో చాలా చోట్ల ఇంకా పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లే. ఒకదానిలోది తీసుకొచ్చి ఇంకొకదానిలో పెడితే అంతా పిచ్చిగీతలు. అందుకే మొత్తం మళ్లీ టైపు చేస్తాం, కొత్త తప్పులు చేరుస్తాం. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. పేజీలకు స్క్రైబస్ కొత్త వెర్షన్, ఫోటోలకు గింప్, బొమ్మలకు ఇంక్‌స్కేప్ కూడా పైసా ఖర్చు లేనివే. ఎవరో కట్టిన నమూనాలో పేర్లు మార్చి అతికించేసి దాన్ని డిజైన్ అనడం నాకు నచ్చదు. కనీసం అట్టయినా ఖాళీ పేజీ నుంచి మొదలుపెట్టించండి.

ప్రెస్సుకు ఒక పూట తీసుకెళ్లండి. తెర మీద మెరిసిన నీలం నాలుగు సిరాల అచ్చులో ఎందుకు మసకబారిందో, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున ఎందుకు పెరగాలో అక్కడ పది నిమిషాల్లో తెలుస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేకుండా చేతిపనులు నేర్పమంది. అందులో ఒక రోజు దీనికివ్వండి.

ఫోన్లంటే పెద్దల భయం నాకూ తెలుసు. పిల్లల సొంత ఫోన్లు వద్దు. బడి పేరున ఒక్కటి కొని, టీచరు బీరువాలో పెట్టండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వ్యక్తిగత సమాచారం డిజిటల్‌గా వాడడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. అనుమతి పత్రం నమూనా పిల్లలచేతే రాయించి ఇంటికి పంపండి. ఫోటోల్లో వెలుతురు సరిచేయడం, అంచులు కత్తిరించడం వరకే ఒప్పుకోండి. లేని మనిషిని ఫోటోలో చేర్చడం కూడదని మొదటి రోజే చెప్పండి.

మార్కులు పోతాయేమోనన్న బెంగ పదో తరగతి వాళ్లకు సహజం. వాళ్లను వదిలేసి ఎనిమిది, తొమ్మిది వాళ్లతో చేయించండి. ఇది వృథా విద్య కూడా కాదు. ఫోటోగ్రఫీలో డిగ్రీ హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఉంది. అమరావతిలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉంది. ఇంటర్ ఎంపీసీ, బైపీసీ తప్ప మరో దారి ఎరగని ఇళ్లలో ఈ పేర్లు వినబడడమే అరుదు.

డబ్బు మాటకొస్తే, ఏటా షాపుకిచ్చేదే బడిలో ఉంచండి. అట్టా, నడిమి నాలుగు పేజీలూ రంగుల్లో వేసి మిగతావి నలుపు తెలుపుల్లో వేస్తే సరిపోతుంది.

ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో గట్టిగా అడగండి. జూలైలోనే పదిమందితో సంపాదక బృందం వేయాలి. అందులో సగం మంది ఆడపిల్లలుండాలి. వారానికో పీరియడు, కంప్యూటర్ ల్యాబు తాళం చెవి వాళ్లకివ్వాలి. దసరా సెలవుల నాటికి ఎనిమిది పేజీల చిన్న సంచిక, ఫిబ్రవరికి పెద్దది. పెద్దల సందేశాలన్నీ కలిపి ఒక్క పేజీ దాటకూడదు. ఫలానా పేజీ ఎవరు కట్టారో, ఫలానా ఫోటో ఎవరు తీశారో దాని కిందే పేరు వేయాలి.

ప్రూఫులు దిద్దడం నేర్పమని ఏ బడి పిలిచినా వస్తాను. ఫీజు అక్కర్లేదు, టీ ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
మీ ఊరి డీటీపీ ఆపరేటరు